చేపల చెరువు గోడలో పాత ఊరిని చదవడం ఎలా?

కోనసీమలోనూ భీమవరం చుట్టుపక్కలా ఎండాకాలం వస్తే పొక్లెయిన్లు దిగుతాయి. కొన్ని వరిచేలు చేపల చెరువులవుతాయి, పాత చెరువులు ఇంకాస్త లోతవుతాయి. నిలువుగా కోత పడిన చోట మట్టిగోడ మీద నలుపు, బూడిద, పసుపు రంగుల్లో చారలు కనిపిస్తాయి. ఆ చారల మధ్యలో ఎక్కడో నాలుగు కుండ పెంకులు, బొగ్గు నలుసులు, నత్తగుల్లలు ఉంటాయి. అటుగా వెళ్లినవాళ్లు ఒక పెంకు పీకి, చేతిలో తిప్పి చూసి, "ఏ రాజుల కాలం నాటిదో" అనుకుని గట్టు మీద పడేస్తారు.

మీరు ఆ పెంకు పీకకండి. ముందు దాని చుట్టూ ఉన్న మట్టిని చూడండి. డెల్టాలో ఏ వస్తువైనా పడిన చోటే ఉండిపోయిందని నమ్మడానికి లేదు. గోదారి మోసుకొస్తుంది, ఉప్పెన మోసుకొస్తుంది, ఎడ్లబండి మోసింది, ఇప్పుడు ట్రాక్టరు మోస్తోంది. అందుకని పెంకు ఏ కాలానిదని అడిగేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మట్టి ఇక్కడికి ఎలా వచ్చింది? వచ్చాక దీనికి ఏం జరిగింది? అమెరికా పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ షిఫర్ 1970, 80 దశకాల్లో ఈ ప్రశ్నలకు ఒక పద్ధతి ఏర్పరచాడు. పాత నివాసం మన కంటికి కనిపించే రూపానికి రావడంలో మనుషులు చేసినవి వేరు, ప్రకృతి చేసినవి వేరు అని విడదీశాడు. కింద చెప్పేదంతా ఆ విడదీయడం గురించే. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఓపిక కావాలి. మోకాళ్ల దాకా బురదవుతుంది.

తవ్వొద్దు, తవ్వింది చూడండి

పాత దిబ్బ కనపడగానే గునపం పట్టుకోవడం నేరం కావచ్చు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం రక్షిత స్థలాల్లో లైసెన్సు లేకుండా తవ్వకూడదు. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలకూ నిషేధం ఉంది. భూమిలో దాగి ఉన్నది ఏదైనా, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. ఆ పది రూపాయలు ఆనాటి లెక్క, కానీ చట్టం ఇంకా బతికే ఉంది.

మన అదృష్టం ఏమిటంటే, డెల్టాలో మనం తవ్వాల్సిన పనే లేదు. ఎవరో ఒకరు ఏదో ఒక అవసరానికి తవ్వుతూనే ఉంటారు. చేపల చెరువులు, ఇటుక బట్టీల కోసం మట్టి తీసిన గోతులు, ఇంటి పునాదులు, ఏరు కోసేసిన లంకల అంచులు ఉన్నాయి. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు బయటపడే కాలువ ఒడ్డులూ ఉన్నాయి. ఆసామి దగ్గరికి వెళ్లి, ఏం చూస్తారో, ఎంతసేపు ఉంటారో చెప్పి అనుమతి అడగండి. "నిధి కోసమా?" అని తప్పకుండా అడుగుతారు. నవ్వకుండా, మట్టి కోసమని చెప్పండి.

ఒక్క జాగ్రత్త మర్చిపోవద్దు. మీ ఎత్తుకు మించిన నిలువు గోడ కింద కూర్చోకండి. ఇసుక పొర మీద బంకమన్ను ఉన్న గోడ చెప్పాపెట్టకుండా కూలుతుంది.

గోడ దగ్గరికి వెళ్లేముందు మ్యాపు చూడండి

సుమారు 6 నుంచి 7 వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం పెరగడం నెమ్మదించి, ఇప్పటి మట్టానికి దగ్గరగా నిలిచింది. ఆ తర్వాత గోదారి తెచ్చిన ఒండ్రుతో తీరం కొంచెం కొంచెంగా సముద్రంలోకి జరుగుతూ వచ్చింది. అంటే మీరు నిలబడిన నేల ఒకప్పుడు నీళ్లలో ఉండి ఉండొచ్చు. తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లో రాతియుగం పనిముట్ల కోసం వెతకడం దండగ. అలాంటివాటికి డెల్టా తల వైపున్న కొండల అంచులకు, మెట్ట ప్రాంతాలకు వెళ్లాలి.

తీరం జరిగిన ప్రతిసారీ వెనక ఒక ఇసుక మెరక మిగిలింది. ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఈ మెరకలు తీరానికి ఇంచుమించు సమాంతరంగా, వేలిముద్ర గీతల్లా వరసగా కనిపిస్తాయి. మెరక మీద కొబ్బరితోటలు, ఇళ్లు, రోడ్డు ఉంటాయి. రెండు మెరకల మధ్య పల్లంలో వరిచేలు ఉంటాయి. ఇవాళ్టి మనిషి ఏ కారణంతో మెరక మీద ఇల్లు కట్టుకున్నాడో, వెయ్యేళ్ల కిందటి మనిషీ అందుకే కట్టుకున్నాడు. వరద ఎక్కదు, తాగడానికి మంచినీళ్లు దొరుకుతాయి. కాబట్టి మీ కోత మెరక మీద పడిందా, పల్లంలో పడిందా, పాత ఏటిపాయ పూడిపోయిన చోట పడిందా అన్నది ముందే రాసుకోండి.

కోనసీమలో, గోదారి పాయ వైనతేయ ఒడ్డుకు దగ్గర్లోని ఆదుర్రులో ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపం ఉంది. చరిత్రకారులు దాన్ని చూసి బౌద్ధం గురించి మాట్లాడతారు. మట్టిని చదివేవాళ్లకు అది ఇంకో మాట కూడా చెబుతుంది. ఆ స్తూపం కట్టేనాటికే అక్కడ ఇటుకల బరువు మోయగల గట్టి నేల ఉంది, దానం ఇచ్చేంత పంట పండించే ఊళ్లు చుట్టూ ఉన్నాయి.

మ్యాపు చూశాక ఊళ్లో పెద్దవాళ్లను ఒక ప్రశ్న అడగండి. "పాటిమట్టి ఎక్కణ్నుంచి తోలేవారండీ?" పాడుబడిన ఊరి దిబ్బను పాటిదిబ్బ అంటాం. ఆ మట్టి చేనుకు బలమని రైతులు తరతరాలుగా బళ్లతో తోలుకున్నారు. ఆ నమ్మకంలో పూర్తి నిజం ఉంది. వందల ఏళ్ల పాటు ఒకేచోట పడిన పేడ, బూడిద, ఎముకలు, తిండి మిగుళ్ల వల్ల ఆ మట్టిలో భాస్వరం పేరుకుంటుంది. భాస్వరం తేలిగ్గా కొట్టుకుపోదు, మట్టినే పట్టుకుని ఉంటుంది. పురావస్తు శాస్త్రవేత్తలు పాత నివాసాల హద్దులు కనిపెట్టడానికి ప్రయోగశాలలో ఇదే భాస్వరాన్ని కొలుస్తారు. రైతు చేను పచ్చదనాన్ని చూసి కనిపెట్టాడు.

దీనికో తిరకాసు ఉంది. పాటిమట్టి తోలిన చేలన్నిట్లోనూ పాత పెంకులు దొరుకుతాయి, కానీ అక్కడ ఊరు లేదు. దున్నిన చేలో చెల్లాచెదురుగా పెంకులు కనపడగానే "ఇక్కడో పట్నం ఉండేది" అని రాసేయకండి.

గోడను గీకి శుభ్రం చేయడం

కావలసినవి: తాపీ, మెత్తటి బ్రష్షు, మంచినీళ్లు మాత్రమే పోసిన స్ప్రేయరు, టేపు, పురికొస, నాలుగు మేకులు, మేస్త్రీలు వాడే రసమట్టం, గళ్ల కాగితం, పెన్సిలు. పెన్ను వద్దు.

పొక్లెయిన్ బకెట్టు గోడ మీద మట్టిని పూసేసి పోతుంది. ఆ పూత మీద కనిపించే చారలు అబద్ధం. ఒక మీటరు వెడల్పున తాపీ అంచుతో పైనుంచి కిందికి పలచగా గీకుతూ రండి. కిందినుంచి మొదలుపెడితే పైన గీకిన మట్టి కింద మీరు శుభ్రం చేసిన భాగం మీదే పడుతుంది. పెంకు తగిలితే దాని చుట్టూ గీకండి, దాన్ని మాత్రం కదపకండి. ఎండిపోయిన గోడ అంతా ఒకే బూడిద రంగులో ఉంటుంది. సన్నగా నీళ్లు చిమ్మితే రంగులు లేచి వస్తాయి. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పొరల గరుకుతనం బాగా తెలుస్తుంది, మిట్టమధ్యాహ్నం ఫొటోలు దేనికీ పనికిరావు.

పురికొసను రసమట్టంతో సరిచూసి అడ్డంగా కట్టి, దాన్నుంచి కిందికి కొలతలు తీసుకుంటూ ఒక్కో పొర హద్దునూ గళ్ల కాగితం మీద గీయండి. ఫొటో తీశాం కదా, గీయడమెందుకని అనిపిస్తుంది. గీస్తున్నప్పుడే కన్ను ఆగుతుంది. "ఈ గీత ఇక్కడ ఎందుకు తెగిపోయింది?" అన్న ప్రశ్న ఫొటో తీసేటప్పుడు రాదు.

ఒక్కో పొరకు నంబరిచ్చి తడి రంగు, ముట్టుకుంటే ఎలా ఉంది, లోపల ఏమున్నాయి, కింది పొరతో హద్దు కత్తితో కోసినట్టుందా మెల్లగా కలిసిపోయిందా అన్నవి రాయండి. నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది హద్దే. కత్తితో కోసినట్టున్న హద్దు అంటే అక్కడ ఏదో హఠాత్తుగా జరిగింది. వరద వచ్చింది, లేదా ఎవరో చదును చేశారు, లేదా గొయ్యి తీశారు.

నీటి చేతివాటం, మనిషి చేతివాటం

నీరు సైజుల వారీగా వేరు చేస్తుంది. మనిషి అన్నీ కలిపేస్తాడు. గోడ ముందు నిలబడ్డప్పుడు ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

వరద మేట వేసిన పొరలో అడుగున ఇసుక, దాని మీద సన్నటి ఒండ్రు, పైన బంకమన్ను ఉంటాయి. నీటి వేగం తగ్గేకొద్దీ ముందు బరువైనవి, తర్వాత తేలికవి దిగుతాయి కాబట్టి అలా వస్తుంది. ఒక్కో వరదకు ఒక్కో జత. ఏటి ఒడ్డున ఇసుక ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ బంక ఎక్కువ. 1986 ఆగస్టు వరద మేట ఎంత మందాన పడిందో, ఏ రంగులో ఉండేదో లంకల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చేత్తో చూపిస్తారు. ఆ లెక్క అడిగి పెట్టుకోండి. పాత పొరలను పోల్చడానికి అంతకన్నా మంచి కొలబద్ద దొరకదు.

ఉప్పెన తెచ్చిన పొర వేరుగా ఉంటుంది. మామూలు బంకమట్టి మధ్యలో ఇసుక పలకలా దూరి ఉంటుంది, సముద్రపు గుల్లలు విరిగి ఉంటాయి, లోపలికి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. మన తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన నల్లటి, ఎర్రటి రేణువులు చారలుగా కనిపిస్తాయి, అదో ఆనవాలు. 1839లో కోరింగను ముంచిన ఉప్పెన లాంటివి చరిత్రకు ముందూ వచ్చే ఉంటాయి, రాసిపెట్టే వాళ్లు లేరంతే.

మనుషులు నివసించిన పొరలో ఇసుక, బంక, బొగ్గు, బూడిద, చేపముళ్లు, పెంకులు అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. అందులోనూ తేడాలున్నాయి. తొక్కి తొక్కి గట్టిపడిన నేల పలచగా, పొరలు పొరలుగా ఊడుతుంది, దాని మీద పెంకులు చిన్నవిగా, పడుకుని ఉంటాయి. పెంటగోతిలో పెంకులు పెద్దవిగా, అడ్డదిడ్డంగా నిలబడి ఉంటాయి. నీళ్లలో దొర్లి వచ్చిన పెంకుల అంచులు అరిగి గుండ్రంగా ఉంటాయి. అంచు పదునుగా ఉంటే అది ఎంతో దూరం నుంచి రాలేదు.

పొయ్యి విషయంలో నేను బోల్తాపడ్డాను. ఒక గోతిలో జానెడు మందాన ఎర్రగా కాలిన మట్టి, మీద నల్లటి బొగ్గు పొర కనిపించేసరికి, పాతకాలపు కుమ్మరి ఆవమే అనుకుని రెండు గంటలు కూర్చుని గీశాను. గట్టు మీద గడ్డి కోసుకుంటున్న పెద్దాయన ఒకరు వచ్చి కాసేపు చూసి, "ఆయ్, అది మా నాన్నగారు కాల్చిన ఇటుక బట్టీ అండీ" అన్నారు. అప్పట్నుంచి గీయడానికి ముందే ఊళ్లోవాళ్లను పిలిచి చూపిస్తున్నాను.

సీసా పరీక్ష

పొర పేరు "ఒండ్రు" అని రాసేముందు దాన్ని ఇంటి దగ్గర పరీక్షించండి. ప్రతి పొర నుంచీ గుప్పెడు మట్టి విడివిడి సంచుల్లో వేసి, పొర నంబరు, లోతు, తేదీ రాసిన చీటీ లోపలొకటి, బయటొకటి పెట్టండి. నీడలో ఆరబెట్టి, గడ్డలు చిదిపి, పారదర్శకమైన నిలువు సీసాలో మూడో వంతు వేసి, చిటికెడు సబ్బుపొడి వేసి, నిండా నీళ్లు పోసి బాగా కుదపండి. బల్ల మీద పెట్టి కదపకండి. నిమిషంలోపు అడుగుకు చేరింది ఇసుక. తర్వాతి కొన్ని గంటల్లో దిగేది ఒండ్రు. మర్నాటికీ నీళ్లను మసకగా ఉంచేది బంక. సీసా మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి కొలిస్తే ఏది ఎంత పాళ్లలో ఉందో తెలుస్తుంది.

తీరం దగ్గరి మట్టితో ఈ పరీక్ష మిమ్మల్ని మోసం చేస్తుంది. ఉప్పు ఉన్నచోట బంక రేణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టి వేగంగా దిగిపోతాయి. గంటలో నీళ్లు తేటపడితే "బంక లేదు" అని రాసుకోకండి. పై నీళ్లు వంపేసి, మంచినీళ్లు పోసి, రెండు మూడుసార్లు కడిగి మళ్లీ చూడండి.

తెల్లటి గడ్డలు కనిపిస్తే పొడి చేసి నిమ్మరసం చుక్క వేయండి, నురగ వస్తే సున్నం. అది గచ్చు సున్నమా, మట్టిలో దానంతటదే పేరుకున్న సున్నపు గడ్డా అన్నది మాత్రం నిమ్మకాయ చెప్పదు. పేరుకున్న గడ్డ అల్లంకొమ్ములా వంకరటింకరగా ఉంటుంది. గచ్చుకు ఒకవైపైనా చదును ఉంటుంది.

పొరల్ని ఎవరు కెలికారు?

కొత్తవాళ్లు దాటేసే మెట్టు ఇదే. పొరలు ఏర్పడిన తర్వాత కూడా నిశ్శబ్దంగా ఉండవు.

డెల్టా బంకమన్ను ఎండితే నెర్రెలు ఇస్తుంది. వరి కోతల తర్వాత చేలో నడిచినవాళ్లకు తెలుసు, కొన్ని నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. ఆ నెర్రెలోకి నిన్న పగిలిన సీసా పెంకు పడుతుంది, తొలకరికి మట్టి ఉబ్బి నెర్రె మూసుకుంటుంది. కింద వెయ్యేళ్ల నాటి పొరలో గాజు పెంకు! అలాంటిది కనిపిస్తే దాని పైభాగంలో నిలువుగా, పై పొర రంగు మట్టితో నిండిన సన్నటి చార ఉందేమో చూడండి. పీతల బొరియలు, ఎలుక కన్నాలు గుండ్రంగా, వేరే రంగు మట్టితో నిండి ఉంటాయి. కొబ్బరి వేళ్లు పీచులా అల్లుకుని ఇసుక మెరకల్లోని పొరలను చెరిపేస్తాయి. నీటి మట్టం ఏటా పైకీ కిందికీ ఆడే చోట తుప్పు రంగు మచ్చలు ఏర్పడతాయి, వాటిని చూసి కాలిన మట్టి అనుకోకండి. అదే నీటి మట్టానికి దిగువన ఎప్పుడూ తడిగా ఉండే నీలి బూడిద రంగు బంకలో గాలి ఆడదు కాబట్టి కర్ర, తాడు, గింజలు కూడా నిలిచి ఉండొచ్చు. అలాంటివి ఎండనిస్తే గంటల్లో ముడుచుకుపోతాయి. తడి గుడ్డ కప్పి వెంటనే తెలిసినవాళ్లకు కబురు చేయండి.

ఇక మనుషులు కెలికింది. దమ్ము చేసిన చేలో పై జానెడు మట్టిని లెక్కలోకి తీసుకోకండి, అది ఏటా కలిసిపోయేదే. చెరువు గట్టు అయితే మొత్తం తలకిందులు. పైనున్న మట్టి ముందు పోస్తారు, లోతున ఉన్న పాత మట్టి చివర్న పైన పడుతుంది. కాలువ గట్లు ఇంకా పెద్ద చిక్కు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు డెల్టా అంతా అల్లుకున్నాయి, అప్పట్నుంచీ పూడిక తీసి గట్ల మీద పోస్తూనే ఉన్నారు. ఆ గట్టులోని పెంకు ఏ ఊరిదో కాలువకే తెలియాలి. ఇటుకలదీ అంతే. పాత కట్టడాల ఇటుకలు ఊడదీసి కొత్త ఇళ్లకు వాడుకోవడం మన దగ్గర మామూలే, కాబట్టి గోడలో పెద్ద సైజు పాత ఇటుక ఉందని ఆ గోడను పాతదిగా లెక్కకట్టకూడదు.

మట్టికే ఇంత ప్రాముఖ్యమా అనుకునేవాళ్లకు ఒక్క ఉదాహరణ. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉండేది. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ దాన్ని తవ్వి పొర పొరనూ చదివితే, అది కొత్తరాతియుగపు పశువుల దొడ్డి అని, ఏళ్ల తరబడి పేరుకున్న పేడను కాల్చగా కాల్చగా దిబ్బయిందని తేలింది. దొడ్డి చుట్టూ కంచె గుంజల గుంటలు, పశువుల గిట్టల గుర్తులు కూడా బయటపడ్డాయి. బంగారం లేదు, శాసనం లేదు. బూడిద పొరలే ఆధారం.

ప్రయోగశాలకు వదిలేయాల్సినవి

బొగ్గుతో కార్బన్ డేటింగ్, ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసిన కాలం లెక్కకట్టడం, మట్టిగడ్డను జిగురుతో గట్టిపరిచి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి సూక్ష్మదర్శినిలో చూడటం, ఇవన్నీ పుణె డెక్కన్ కాలేజీ, లక్నో బీర్బల్ సాహ్ని సంస్థ లాంటి చోట్ల పని. మీరు చేయగలిగేది ఆ నమూనాలను పాడుచేయకపోవడం. బొగ్గును చేత్తో ముట్టుకోవద్దు, దూది, కాగితాల్లో చుట్టొద్దు. ఎండ లెక్కకు పనికొచ్చే ఇసుక పొరలో లోపలి రేణువులకు వెలుతురు తగిలితే వాటి గడియారం సున్నాకు వస్తుంది, కాబట్టి పైపైన గీకడం తప్ప దాన్ని లోపలికి తవ్వకండి. డెల్టాలో బొగ్గు కూడా కొట్టుకొచ్చి ఉండొచ్చు. ఒక్క తేదీ చూసి పొర వయసు ఖాయం చేసేవాళ్లను నేను నమ్మను.

చివరికి మీ చేతిలో ఉండాల్సినవి గీసిన బొమ్మ, స్కేలుతో తీసిన ఫొటోలు, జీపీఎస్ స్థానం, పొరల వరస పట్టిక. పట్టికలో ఏ పొర దేనికన్నా ముందు, ఏ గొయ్యి ఏ పొరను కోసింది అన్నది మాత్రమే రాయండి, ఊహలు వేరే పేజీలో పెట్టుకోండి. పెంకులు ఎక్కువగా ఉన్నా, కట్టడం ఆనవాలు ఉన్నా ఒక ప్రతిని రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికి వెళ్లి అడిగినా దారి చెబుతారు. సోషల్ మీడియాలో చోటు పేరు పెట్టకండి, మర్నాటికి గునపాలు దిగుతాయి.

చెరువుకు నీళ్లు పెట్టేలోపు, మొదటి వాన పడ్డాక ఇంకోసారి వెళ్లండి. గోడ మీది మెత్తటి మట్టి కారిపోయి, గట్టి పొరలు అంగుళం ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. మీరు ఒకటే అనుకున్న పొర రెండుగా కనిపించొచ్చు, గొయ్యి అంచు మీరు గీసిన చోట లేకపోవచ్చు. పెన్సిలు తీసుకెళ్లమన్నది అందుకే, అక్కడే కూర్చుని దిద్దుకోండి.